మూడో విజిట్

"సీక్రం పో మామా!"

బైక్ హైవే మీద దూసుకుపోతోంది. వెనక కూర్చున్న మారీశ్వరి మెడ తిప్పి చూసింది.

ఆ లైట్ ఇంకా ఉంది!

కోవిల్‌పట్టి దాటిన దగ్గర్నుంచీ వెంటే వస్తోంది. వీళ్ళు లారీని దాటితే అదీ దాటుతోంది. వీళ్ళు స్లో అయితే అదీ స్లో అవుతోంది. జలగలా పట్టుకుంది.

"ఎవుడు మామా వాడు?"

"ఇంకెవుడు? రాజాను ఇరికించినోళ్ళు పంపిన ఆళు." మేనమామ సుబ్బురాజ్ తల తిప్పకుండానే అరిచాడు. "నీ ఫోన్ మిందనే వాళ్ళ కన్ను. బద్రం!"

ఆమె చెయ్యి గుండెల మీదికి పోయింది. జాకెట్ లోపల ఫోన్. ఉంది.

ఎనిమిదింటికి అది మోగాలి. సముద్రం అవతలి జైల్లో ఉన్న తమ్ముడు ఇసక్కిరాజా స్క్రీన్ మీద కనపడాలి. దాన్ని వాళ్ళు ఫ్యామిలీ విజిట్ అంటారు. వీడియోలో పది నిమిషాలు, అదీ ఇంటి మనుషులకు మాత్రమే. అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. రాజాకు మిగిలింది అక్క, ఈ మేనమామ, అంతే.

ఇంతకుముందు రెండు విజిట్లు ఇచ్చారు. రెండూ మట్టికొట్టుకుపోయాయి! సరిగ్గా ఆ రోజుల్లోనే ఫోన్ రిపేరు షాపులో ఉంది. ఖర్మ!

ఇదే ఆఖరుది.

వచ్చే వారం తీర్పు. అక్కడ విమానం దిగిన రాజా బ్యాగులో వేరుశనగల కడలైమిఠాయి డబ్బా, దాని అడుగున మత్తు బిళ్ళలు దొరికాయి. డబ్బా ఎవరిచ్చారంటే రాజా నోరు విప్పడు. పోలీసులు అడిగారు, జడ్జి అడిగాడు. విప్పడు!

"ఆ పేరు వాడి నోటి నుంచే రావాలమ్మా," అంది విరుదునగర్ లాయరు తమిళ్‌సెల్వి. "విజిట్‌లో ప్రతి మాటా రికార్డవుతుంది, పక్కనే ఆఫీసర్ ఉంటాడు. అక్కడ చెబితే చాలు, కేసు తిరుగుతుంది. లేకపోతే వాడు అక్కడే ముసలివాడైపోతాడు."

అందుకే ఈ పరుగు. లాయరు ఆఫీసుకి.

విరుదునగర్ లైట్లు కనపడ్డాయి. హమ్మయ్య!

కానీ... బైక్ లాయరు వీధిలోకి తిరగలేదు. తిన్నగా పోయింది. చీకటి సందులోకి దూరింది.

"మామా, ఇది దోవ కాదే?"

"ఆపీసు కాడ కూడా వాళ్ళ ఆళ్ళు ఉండారు. ఇది నా కూట్టాళి, నా సావాసగాడి గోడౌను. ఈడ ఒకడూ రాడు."

ఇనప తలుపు తెరుచుకుంది. మిరపకాయల ఘాటు గుప్పున ముక్కులోకి కొట్టింది. పైకప్పు దాకా మూటలు. మామ తలుపు మూసి గడియ వేశాడు.

ఏడూ యాభై ఐదు. ఆమె ఫోన్ తీసింది.

సిగ్నల్ లేదు!

"మామా! ఈడ టవరే లేదు!"

"వస్తాదిలే. కూచో."

అతను మూట మీద కూర్చుని నిదానంగా మొహం తుడుచుకుంటున్నాడు. ఇంతసేపూ గాలిలా వచ్చిన మనిషికి ఇప్పుడు తొందరే లేదు.

బయట బైక్ ఆగిన చప్పుడు...

ధడ్! ధడ్! ధడ్!

"అక్కా! తలుపు తియ్యి! నేను కుమరేశన్! నిన్ననే విడుదలై వచ్చినా... రాజాతో ఒకే సెల్‌లో ఉన్నోణ్ణి! కోవిల్‌పట్టి నించీ మీ వెంటే వచ్చింది నేనే! ఆ మనిసిని నమ్మాకు అక్కా! ముందు విజిట్లు రెంటికీ వచ్చింది ఆయనే!"

మారీశ్వరి చేతిలోని ఫోన్ వైపు చూసింది.

ఫోన్ రెండుసార్లూ రిపేరుకు తీసుకెళ్ళింది... మామే.

చెవులు కుట్టించిన రోజు ఇద్దర్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మామ! నాన్న పోయాక అన్నం పెట్టి పెంచిన మామ! ఇంతకంటే ఎవరిని నమ్ముతారు ఎవరైనా?

"నువ్వా... మామా?"

అతను చూపు తిప్పుకోలేదు. సిగ్గుపడలేదు.

"నిన్ను పెంచిన చెయ్యి ఇది, నా కణ్ణూ. ఆ టైం పొయ్యేదాకా సుమ్మా, ఊరికే ఉండు. అంతే. ఇంటికి పోదాం."

ఎంత మెత్తగా అన్నాడు! ఆ మెత్తదనానికే ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. పరిగెత్తింది... తలుపు వైపు కాదు. మూటల మీదికి!

పైన గోడలో చిన్న కిటికీ. గాలి వస్తోందంటే సిగ్నల్ కూడా వస్తుంది. ఎక్కుతోంది. గోనె గీరుకుంటోంది. కళ్ళు మండుతున్నాయి. కింద మామ లేచాడు. మూటలు లాగే ఇనప కొక్కెం అతని చేతిలోకి వచ్చింది.

కిటికీ ఊచ దొరికింది. ఫోన్ పైకెత్తింది.

ఒక్క గీత...

మోగింది!

"అక్కా!"

రాజా! చిక్కిపోయాడు. గుండు చేశారు. వాడి పక్కన యూనిఫాం భుజం ఒకటి కనపడుతోంది.

"అక్కా, నిజంగా నువ్వేనా? రెండు తూర్లూ నీ ఫోన్లో మామే వచ్చినాడు. 'మీ అక్క నా ఇంట్లోనే ఉండాది, నేను చూసుకుంటా, నువ్వు నోరెత్తకుండా ఉండు' అన్నాడు. ఈ ఆపీసర్ల చెవికి అది మంచి మాటే అక్కా. నాకు తెలుసు అదేందో."

అందుకా! నన్ను కాపాడడానికా వీడు నోరు కుట్టేసుకున్నాడు!

"డబ్బా ఎవురిచ్చినార్రా? చెప్పు!"

రాజా పెదాలు కదిలాయి. ఆగాయి.

"నువ్వు ఇంగా ఆ ఇంట్లోనే ఉండావా?"

కొక్కెం చప్పున వచ్చి ఆమె కొంగులో దిగింది. లాగుతోంది. మామ రెండు మూటల కింద ఉన్నాడు. కళ్ళతోనే చెబుతున్నాడు... వద్దు.

మారీశ్వరి నవ్వింది. తమ్ముడి కోసం, స్క్రీన్‌లోకి నవ్వింది.

"లేదురా. ఎప్పుడో బయటపడినా. విరుదునగర్లో మిరపకాయల గోడౌన్లో పని. లాయరమ్మ ఇంటి పక్కనే ఉండేది. మామ మొగం చూసి మాసం ఆయె."

"మరి ఏడస్తా ఉండావే?"

"మిరపకాయల గాటురా! చెప్పు తమ్ముడా, టైం లేదు!"

రాజా ఊపిరి వదిలాడు. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి. ఆఫీసర్ వైపు తిరిగాడు.

"సర్... ఆ డబ్బా మా మేనమామ ఇచ్చాడు. మదురై ఏర్‌పోర్ట్‌లో. మామ చేతిది విప్పి చూసేదానికి నాకు మనసు రాలేదు సర్. పేరు సుబ్బురాజ్."

అయిపోయింది! రికార్డయిపోయింది!

కింద తలుపు ధడేల్మంది. గడియ ఊగింది, ఊడలేదు. కొంగు పర్రున చిరిగింది. మామ నీడ ఆమె భుజం మీదికి వచ్చింది.

"అక్కా! నీ వెనకాల ఎవురు? అక్కా!"

మారీశ్వరి చప్పున అరచేత్తో కెమెరా మూసేసింది.

"ఎవురూ లేరురా... బొమ్మ పోయింది, అంతే. నీ గొంతు వినపడతానే ఉంది. ఆపాకు. సారుకు అంతా చెప్పు..."

వాడు చెబుతూనే ఉన్నాడు.

కొక్కెం పైకి లేచింది.