శనివారం క్లాసులో చెప్పిన కథ

నార్మండ్ పొయ్యి దగ్గర నిలబడి పెనం మీద ప్లోయ్‌లు పోస్తున్నాడు. ఒకవైపే కాల్చే ఆ పల్చటి అట్లు ఆదివారం పొద్దున ఆయన పని. పెళ్లయిన నాటినుంచీ అంతే. ఒడెట్ బల్ల దగ్గర కూర్చుని, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, ఎదురుగా గోడకేసి మాట్లాడుతోంది.

"మా ఊరి ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేశారు. ఫిబ్రవరిలో మా అమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. అల్లుడు అడవిలో పనికెళ్లాడు. నేనే కారు తీశాను..."

చివరిదాకా రాకముందే టైమర్ మోగింది.

"రెండు నిమిషాలు దాటుతోంది," అంది ఒడెట్. "మంచు తుఫాను సంగతి తీసేస్తే సరిపోతుందేమో."

నార్మండ్ అట్టు తెచ్చి ఆమె పళ్లెంలో వేశాడు. "తిను. చల్లారిపోతుంది."

వెన్న రాసి, చుట్టి తింది. రుచి తెలియలేదు. ఫిబ్రవరి నుంచి ఏదీ తెలియడం లేదు. పళ్లు పీకేముందు ఇచ్చే సూదిమందు నోట్లో కాకుండా ఒళ్లంతా ఎక్కి, ఇక దిగడం మానేసినట్టుంది. అయినా ఇంటి ముందుగదిలో ఉన్న తన సెలూన్ ఒక్కరోజు మూయలేదు. జుట్లు కత్తిరించింది, రంగులు వేసింది, నవ్వాల్సిన చోట నవ్వింది. మనవరాలిని మట్టిలో పెట్టిన రోజున కూడా వచ్చినవాళ్లకి కాఫీ అందించింది ఆమే.

ఎన్నికల్లో నిలబడాలనుకునే ఆడవాళ్లకి లైబ్రరీ కింది గదిలో శనివారాలు క్లాసులు పెడుతున్నారని చెప్పింది డార్లీన్. ఎన్నో ఏళ్లుగా తల రంగు వేయించుకోవడానికి వచ్చే మనిషి. "ఈ లోయలో నీకు తెలియని తల ఏదైనా ఉందా? రాష్ట్ర శాసనసభకి నువ్వు కాక ఎవరు నిలబడతారు?" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

రాష్ట్ర రాజధాని అగస్టా నుంచి కాన్‌స్టన్స్ అనే ఆవిడ వచ్చి నేర్పేది. ఓటు అడగడానికి తలుపు తట్టాక ఒక అడుగు వెనక్కి వేసి ఎందుకు నిలబడాలో చెప్పింది. సిగ్గుపడకుండా చందా ఎలా అడగాలో, మగవాళ్లు మాటకి అడ్డొస్తే గొంతు పెంచకుండానే ఎలా కొనసాగించాలో చేయించి చూపించింది. ఒడెట్‌కి అవన్నీ నచ్చాయి. చేయడానికి ఒక పని దొరికింది.

నిన్నటి క్లాసులో కాన్‌స్టన్స్ అడిగింది, "మీరెందుకు నిలబడుతున్నారు? జనానికి లెక్కలు గుర్తుండవు, మీ కథ గుర్తుంటుంది. రెండు నిమిషాల్లో చెప్పండి."

ఒడెట్ లేచి చెప్పింది. గదిలో ఆడవాళ్లు ఏడ్చారు. కాన్‌స్టన్స్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఒక్కసారి కూడా గొంతు వణకలేదు. అదే మీ బలం. వచ్చే శనివారం ఆఖరి క్లాసుకి పార్టీ పెద్దలొస్తారు. వాళ్ల ముందూ ఇదే చెప్పండి," అంది.

తన బలం అదేనేమో అనుకుంది ఒడెట్.

మధ్యాహ్నం భోజనానికి కూతురు జోలీన్ వచ్చింది. ప్రతి ఆదివారం వస్తుంది. ఈసారి కోటు విప్పలేదు, కుర్చీ లాక్కోలేదు. నార్మండ్ కోడి స్టూ గిన్నెల్లో పోస్తున్నాడు.

"నిన్న సాయంత్రం డార్లీన్ మా మందుల షాపుకి వచ్చింది," అంది జోలీన్.

"ఏం కావాలట?" అంది ఒడెట్.

"ఏమీ అక్కర్లేదు. కౌంటర్ మీదుగా వంగి నన్ను వాటేసుకుని ఏడ్చింది. మీ అమ్మ రోడ్డు పక్కన కారాపి, కోటు గుండీలు విప్పి, బిడ్డని ఒంటికి హత్తుకుని కూర్చుందని చెబుతుంటే మా అందరికీ కన్నీళ్లాగలేదు అంది." జోలీన్ గొంతు మామూలుగానే ఉంది. "కోటులో పెట్టుకున్నావా అమ్మా?"

"పెట్టుకున్నాను."

"ఎంతసేపు?"

"అంబులెన్స్ వచ్చేదాకా."

"నాకు తెలీదు. వెనక సీట్లో స్పృహ తప్పిందాన్ని, కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి. పాపకి టోపీ పెట్టి, దుప్పట్లో చుట్టి నా చేతికిచ్చారు. కాసేపటికి తీసుకెళ్లిపోయారు. మధ్యలో ఏమైందో నాకెవరూ చెప్పలేదు. డార్లీన్‌కి తెలుసు. క్లాసుకొచ్చే పోస్టాఫీసు పిల్లకి తెలుసు. నాకు తెలీదు."

"నువ్వు అడగలేదు."

"నువ్వు చెప్పలేదు."

"జోలీన్, ముందు కూర్చోమ్మా," అన్నాడు నార్మండ్.

"నీకు తెలుసా నాన్నా?"

నార్మండ్ గరిటె గిన్నెలో పెట్టేశాడు. "నాకూ చెప్పలేదు," అన్నాడు మెల్లిగా.

"ఇంకో పిల్లకి అలా జరగకూడదనే కదా చెప్పాను. ఆ వార్డు తెరిపించాలంటే..." అంది ఒడెట్.

"వార్డు వద్దని నేనన్నానా? నాకంటే ఎవరికి కావాలి?" జోలీన్ అమ్మ కళ్లలోకి చూసింది. "ఓట్లు అడుగు. తప్పులేదు. కానీ ముందు నాకు చెప్పాలిగా. తల్లిని నేను కదా."

ఆమె వెళ్లిపోయింది. కారు మలుపు తిరిగేదాకా నార్మండ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఒడెట్ గిన్నెలు కడిగింది. నీళ్లు వేడిగా ఉన్నాయని చేతులు ఎర్రబడ్డాక గానీ తెలియలేదు.

సోమవారం సెలూన్‌కి సెలవు. ఒడెట్ కాన్‌స్టన్స్‌కి ఫోన్ చేసి, ఇక రానని చెప్పింది.

"ఆ కథ వింటే ఎవరైనా కదిలిపోతారు ఒడెట్. వదులుకోకండి."

"అది నాది కాదండీ," అని పెట్టేసింది.

తర్వాత కోటేసుకుని మందుల షాపుకి నడిచింది. జలుబుమందు కోసం నిలబడ్డ ఒక ముసలాయన వెనక తనూ వరసలో నిలబడింది. వంతు వచ్చింది. కౌంటర్ అవతల జోలీన్ తలెత్తలేదు.

"పనయ్యాక సెలూన్‌కి రా," అంది ఒడెట్. "అంతా చెప్తాను."

సాయంత్రం జోలీన్ వచ్చింది. నేరుగా వెళ్లి తల కడిగే కుర్చీలో వాలింది. చిన్నప్పటినుంచీ అమ్మతో గొడవపడితే వచ్చి కూర్చునే చోటు అదే. ఫిబ్రవరి తర్వాత ఆ జుట్టుకి కత్తెర తగల్లేదు. ఒడెట్ వెనక నిలబడి తల తడిపి, షాంపూ వేసి, వేళ్లతో నెమ్మదిగా రుద్దసాగింది. చెప్పడం మొదలుపెట్టింది.

మంచు పడటం చెప్పింది. ముందు ఉప్పు జల్లే బండి వెళ్తుంటే దాని వెనకాలే వెళ్లడం, అది పక్కకి తిరిగిపోవడం చెప్పింది. కారాపి వెనక తలుపు తీసేసరికి బిడ్డ వచ్చేసి ఉండటం చెప్పింది. ఏదీ తీసెయ్యలేదు.

"ఏడ్చిందా?" అడిగింది జోలీన్, కళ్లు మూసుకునే.

"లేదు తల్లీ. ఊపిరి అందుకోలేదు. నోట్లో గాలి ఊదాను, ఒళ్లు రుద్దాను. తర్వాత కోటులో పెట్టుకున్నాను. ఒక చెయ్యి దాని మీద, ఒక చెయ్యి నీ మీద."

"నువ్వేమైనా మాట్లాడావా దాంతో?"

"అమ్మ పడుకుంది, లేపకు అన్నాను."

ఒడెట్ వేళ్లు చెవుల వెనక్కి జరిగి రుద్దుతూనే ఉన్నాయి.

"టోపీ తియ్యడానికి ధైర్యం చాలలేదు నాకు ఆ రోజు," అంది జోలీన్. "తీస్తే ఏమంటారో అనుకున్నాను. దానికి జుట్టుందా?"

ఒడెట్ చేతులు ఆగిపోయాయి. క్లాసులో ఈ మాట చెప్పలేదు. తనకి తాను కూడా చెప్పుకోలేదు.

"బోలెడు. నల్లగా, నీకు లాగే. తడిసి నుదుటికి అంటుకుపోయింది. వేలితో పక్కకి..." మాట తెగింది. మళ్లీ అందుకుంది. "వేలితో పక్కకి దువ్వాను. పాపిట తీశాను జోలీన్. అంబులెన్స్ వచ్చేలోపు చక్కగా ఉండాలని. చెయ్యడానికి ఇంకేమీ తోచలేదు నాకు."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఇన్ని నెలలు ఎక్కడుందో తెలియదు. నురగ చేతులతో కుర్చీ వీపు పట్టుకుని వంగిపోయింది. జోలీన్ లేవకుండానే చేతులు వెనక్కి చాపి, అమ్మ తల దొరకబుచ్చుకుని తన చెంపకి ఆనించుకుంది.

ఏడుపు తగ్గాక జోలీన్ అంది, "పాపిట సంగతి వాళ్లకి చెప్పకు."

"అసలేమీ చెప్పను. నేను మానేశాను కూడా."

"ఎందుకు మానెయ్యడం? శనివారం వెళ్లు. వార్డు మూసేశారు, తెరిపిస్తాను, ఓటెయ్యండి అను."

"అంతేనా? రెండు నిమిషాలు కూడా పట్టదు."

"నేనూ వస్తాను. పక్కన కూర్చుంటాను. చెప్పాలనిపిస్తే నేనే లేచి చెప్తాను. అనిపించకపోతే లేదు."

ఒడెట్ ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. నురగ కూతురి నుదుటి మీదికి జారుతోంది. కుళాయి తిప్పి, నీళ్ల వేడి మణికట్టు మీద చూసుకుంది. కొంచెం ఎక్కువ వేడిగా అనిపించింది. తగ్గించి, పోయడం మొదలుపెట్టింది.