తుల్సీబాయి చేపల పొయ్యి

జనగామ బస్టాండు వెనక సందులో, ఫొటో స్టూడియో మీది గదిలో ఉంటుంది రాజమణి డిటెక్టివ్ ఏజెన్సీ. ఆ మంగళవారం పొద్దున మెట్లెక్కి వచ్చిన మనిషి చెప్పులు కిందనే విడిచి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తువ్వాల చేతుల్లో మెలిపెడుతూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నా పేరు దస్రు, మేడం. ఘనపూర్ అవతల తండా మాది. నా భార్య తుల్సీబాయి చేపల్ల విషం పెట్టిందంటున్నరు."

"ముందు కూసో," అంది రాజమణి. "నిలబడి చెప్పేది సగమే వినబడతది నాకు."

యాభై దాటిన మనిషి ఆమె. బీమా కంపెనీ తరఫున కాలిన దుకాణాలూ మునిగిన గోదాములూ తిరిగి తిరిగి, కాలినదేదో కాల్చినదేదో వాసనతో చెప్పే అలవాటు చేసుకుంది. ఆమె దగ్గర పనిచేసే అజయ్‌కి ముప్పై ఏళ్లు. కెమిస్ట్రీలో డిగ్రీ చదివాడు. మేడం గోడల అవతల కూడా చూడగలదని అతని నమ్మకం. గోడ అవతలికి నడిచిపోయి చూస్తే సరిపోతుంది కదా అంటుంది ఆమె.

దస్రు చెప్పిన సంగతి ఇది. అభయారణ్యంలో ఇప్పలమడుగు అని పెద్ద నీటిమడుగు ఉంది. జింకలను చూడటానికీ పడవ ఎక్కటానికీ సెలవు రోజుల్లో జనం వస్తారు. అక్కడ తుల్సీబాయి పొయ్యి పెట్టి చేపలు వేయిస్తుంది. మొన్న ఆదివారం చిట్యాల నుంచి అబ్బాస్ అనే పరుపుల దుకాణాయన కుటుంబంతో వచ్చాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న కిచిడీ, అందులోకి చింతపండు పులుసు ఖట్టాతో పాటు తుల్సీబాయి చేపలు కూడా తిన్నారు. కాసేపటికే అబ్బాస్, ఆయన భార్య, తల్లి వాంతులతో కూలబడ్డారు.

"ముసలామె పానం పోతదనుకున్నం. మావోళ్లే ఘనపూర్ దవాఖానకు తీస్కపోయిన్రు. బతికిన్రు, దేవుని దయ. ఇప్పుడు ఆయన కేసు పెడ్తనంటుండు. గేటు కాడ వాచర్ మా పొయ్యికి అడ్డం తాడు కట్టిండు. తండా ఆడోళ్లంత అక్కడ్నే అమ్ముకుంటరు మేడం. మాది లేస్తే అందరిది లేస్తది. తుల్సీ మూడు పూటల నుంచి ముద్ద ముట్టలే."

రాజమణి లేచి చేతిసంచీ అందుకుంది. "అజయ్, బండి తియ్."

*

మడుగు ఒడ్డున తుల్సీబాయి చల్లారిన పొయ్యి పక్కనే కూర్చుని ఉంది. వీళ్లను చూసి లేవలేదు.

"నన్ను అడుగుడు దేనికి? ఆ పొయ్యిని అడుగున్రి."

"పొయ్యి మాట్లాడదు కదక్కా. చేపలు ఎప్పటివి?"

"ఆ పొద్దున వలల పడ్డయే. నూనె కొత్తది. అదే గిన్నెల నుంచి ఎంతమందికో పెట్టిన. కానీ కారు దిగి తిని పోయినోళ్లు నాకు సాక్ష్యం చెప్ప వస్తరా?"

"వాళ్లు పడిపోయినప్పుడు నువ్వేం చేసినవ్?"

"ఏం చేస్త! ముసలామె తల తొడ మీద పెట్టుకున్న. మేకపాలుంటే తాపిన. ఫారెస్టోళ్ల జీపుకు అడ్డం నిలబడ్డ." ఆమె చీరె కుచ్చిళ్లు ముందుకు లాగి చూపింది. "ఆకుపచ్చగ కక్కింది అవ్వ. నా చీరె మీదనే. ఉతికినా పోతలేదు ఆ మరక."

అజయ్ ఏదో అనబోయాడు. రాజమణి కళ్లతోనే ఆపింది.

*

చిట్యాలలో అబ్బాస్ ఇంకా తేరుకోలేదు. మొహం పీక్కుపోయి ఉంది, కోపం మాత్రం తగ్గలేదు.

"ఆమె తరఫున వచ్చిన్రా?"

"జరిగినదాని తరఫున వచ్చిన," అంది రాజమణి.

మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్న అతని తల్లి ఫిర్దౌస్ చెయ్యెత్తి పిలిచింది. కళ్లకు పొరలు కమ్మి, మనిషిని గొంతుతోనే గుర్తుపడుతుందామె. "ఇటు రా బేటీ. ఆ పిల్లను ఏమనొద్దని చెప్తున్న వీనికి. విషం పెట్టేది పాలు తాపుతదా?"

"భయపడి తాపింది అమ్మీ."

"నువ్వు భయపడ్డవ్. కూసుని ఏడ్చినవ్. అది జీపును ఆపింది."

రాజమణి నవ్వు ఆపుకుంది. "అవ్వా, తిన్నప్పుడు రుచి ఎట్లుండె?"

"చేపలు మంచిగుండె. ఖట్టానే జర కసరు కొట్టింది. ముసలి నాలుక కదా అని ఊకున్న."

అబ్బాస్ తమ్ముడు ఆమెర్ తలుపు దగ్గర ఫోను తిప్పుతూ నిలబడి ఉన్నాడు. బజారులో సెల్‌ఫోన్ల దుకాణం అతనిది.

"చేపలే, మేడం. ఎండల పెట్టిన చేపలు."

"నువ్వు తిన్నవా?"

"తిన్న."

"మరి నీకేం కాలే?"

"నాది పడుచు పానం."

"ఖట్టా?"

"పడవల పోయి వచ్చేసరికి వీళ్లు పడిపోయిన్రు. కిచిడీ, ఖట్టా ముట్టలే."

అబ్బాస్ కూతురు ఉజ్మా పరుగెత్తుకొచ్చింది. "నేను రెండు ప్లేట్లు తిన్న! నాది, అమ్మీది!"

అబ్బాస్ భార్య ఫరీదా తలవంచుకుంది. "పిల్లకు ఇష్టమని నావి గూడ పెట్టిన."

"అంటే మీరు చేపలు తినలేదు?"

"లేదు."

"తినలేదా?" అబ్బాస్ భార్య వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలే?"

"నన్నెవరు అడిగిన్రు? అందరం తిన్నమని దవాఖానల మీరే చెప్పిన్రు."

"ఉజ్మా, నువ్వు ఖట్టా తిన్నవా?"

"ఛీ, పులుపు! ఒట్టి కిచిడీ తిన్న."

ఖట్టా దేంట్లో తీసుకుపోయారని రాజమణి అడిగితే, ఫరీదా వంటింట్లోంచి రాగి దేగ్చా తెచ్చింది. "మా అత్త అమ్మీజాన్ పెండ్లికి తెచ్చుకున్నది. ఎటు పోయినా ఖట్టా దీంట్లనే పోవాలె, మామ ఉన్నప్పటి రివాజు. పాతబడ్డదని ఆమెర్ పోయి కళాయి చేయించుకొచ్చిండు. చూడున్రి, లోపల బయట ఒక్కతీర్గ ఎర్రగ ఎట్ల మెరుస్తుందో! ఆదివారం తెల్లారకముందే నింపి మూత కట్టిన."

"నేను చెయ్యిపెట్టి చూసిన," అంది ఫిర్దౌస్ మురిపెంగా. "అద్దం లెక్క నున్నగుండె."

"తిన్నాక గిన్నె ఎవరు కడిగిన్రు?"

"ఆమెరే. నేను పడిపోయి ఉంటి. ఇంట్ల తాగిన గిలాస గూడ తియ్యడు. ఆనాడు మటుకు అవతలికి పోయి తోమి తెచ్చిండు, పాపం."

రాజమణి దేగ్చాను వెలుతురులో తిప్పి చూసింది. "ఇది రెండు దినాలు నాకిస్తరా?"

తిరుగుదారిలో అజయ్ ఆగలేకపోయాడు. "మేడం, చేపలు తినని మనిషికి చేపల విషం ఎట్లెక్కుతది?"

"ఎక్కదు. రెండు ప్లేట్లు తిన్న పిల్ల ఎగురుతుంటే అసలే ఎక్కదు. అంగట్ల నిమ్మకాయలు కొను, అజయ్."

*

గురువారం మధ్యాహ్నం రాజమణి అందరినీ ఇప్పలమడుగు ఒడ్డుకే రప్పించింది. తాడు కట్టిన పొయ్యి ముందు ఒకవైపు అబ్బాస్ కుటుంబం, ఒకవైపు తుల్సీబాయి, దస్రు. మధ్యలో వాచర్ ధర్మా. తండా ఆడవాళ్లు తమ బుట్టలు వదిలి చుట్టూ చేరారు.

"ముగ్గురు పడిపోయిన్రు," అని మొదలుపెట్టింది రాజమణి. "ఆ ముగ్గురు కలిసి తిన్నది చేపలు కాదు. ఫరీదమ్మ చేప ముట్టలే, పడిపోయింది. ఉజ్మా రెండు ప్లేట్లు తిన్నది, ఏం కాలే. పడిపోయినోళ్లంత తిన్నది, పడిపోనోళ్లు తిననిది ఒక్కటే. ఖట్టా."

"మా ఇంటి ఖట్టానా?" అబ్బాస్ ముందుకు వచ్చాడు.

"వంటల దోషం లేదు. అజయ్, గిన్నె తే."

అజయ్ దేగ్చా మూత తీశాడు. రాత్రి అందులో పోసిన నిమ్మరసాన్ని గాజు గ్లాసులోకి వంచాడు. నీళ్లలో మైలుతుత్తం కలిపినట్టు రసం నీలిపచ్చగా ఉంది. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

"అవ్వ కక్కింది గీ రంగే. తుల్సీబాయి చీరె మీద ఇంకా ఉంది. రాగి గిన్నెల పులుపు పోస్తే రాగి దిగుతది. అందుకే లోపల తగరం పూస్తరు. దాన్నే కళాయి అంటరు. కళాయి చేసిన గిన్నె లోపల తెల్లగ, వెండి లెక్క ఉంటది. ఈ దేగ్చా లోపల గూడ ఎర్రగనే ఉంది. అవ్వకు కండ్లు ఆనవు, చేత్తో తడిమింది, నున్నగ తగిలింది. ఫరీదమ్మ స్టీలు గిన్నెల ఇంట్ల పెరిగింది, మెరుపునే కళాయి అనుకుంది." ఆమె ఆమెర్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. కళాయి ఎక్కడ చేయించినవ్?"

ఆమెర్ నేల చూశాడు. "కళాయి చేసేటాయన దొరకలే. స్టీలు గేట్లకు పాలిష్ పెట్టే దుకాణంల ఇచ్చిన. పాతది గీకి మెరిపిస్తనన్నడు. రెండూ ఒకటే అనుకున్న."

"అంతవరకు తెలియక చేసినవ్. కానీ వచ్చి అవ్వ కక్కిన రంగు చూడంగనే గిన్నె లోపలికి చూసినవ్. మిగిలింది పారబోసి తోమినవ్. ఎన్నడూ చెంబు కడగనోడివి ఆనాడెందుకు కడిగినవ్?"

ఆమెర్ ముసలామె వైపు తిరిగాడు.

"అమ్మీని నేనే చంపుకుంటున్న అనుకున్న," అన్నాడు ఆమెర్. "నోరు లేవలే. అన్న చేపలు అన్నడు. నేను అవునన్న."

అబ్బాస్ చెయ్యి లేచింది. పక్కనే ఉన్న ఫిర్దౌస్ అలికిడికే ఆ చేతిని పట్టుకుంది. "ఆగు. మొదలు తుల్సీబాయి తీర్పు కానియ్యి."

ఆమెర్ వచ్చి తుల్సీబాయి కాళ్ల మీద వంగబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"నా కాళ్లతోని ఏం పని? నోరు తీస్కపో. నా పేరు ఆ గేటు కాడ పోయింది. అక్కడ చెప్పు."

గేటు దగ్గర టికెట్ల కోసం జనం వరసగా ఉన్నారు. ఆమెర్ వాళ్ల ముందు నిలబడ్డాడు. మొదటిసారి మాట ఎవరికీ వినబడలేదు. రెండోసారి గట్టిగానే వచ్చింది. "తుల్సీబాయి చేపల్ల ఏ తప్పు లేదు! తప్పు మా గిన్నెది. దాచింది నేను. ఆమె మా అమ్మను బతికించింది."

ధర్మా పొయ్యి దగ్గరికి తిరిగొచ్చి తాడు ముడి విప్పాడు. అబ్బాస్ దస్రు దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యన్నా. పానం పోసినోళ్ల మీదనే పడ్డ." దస్రు చేతులు విడిపించుకోలేదు.

ఫిర్దౌస్ తడుముకుంటూ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. తుల్సీబాయి మొహం వెతికి బుగ్గల మీద చేతులు పెట్టింది. "ఇగ నేను బతికే ప్రతి దినం నువ్విచ్చిందే బిడ్డా. దువా చేస్త, అది ఎట్లైనా చేస్త. ఇప్పుడు జర ఆకలైతుంది."

ఇన్ని రోజులూ రాని ఏడుపు అప్పుడొచ్చింది తుల్సీబాయికి. కొంగుతో తుడుచుకుని పుల్లలు ఎగదోసింది. నూనె కాగింది. మొదటి ముక్క ముళ్లు తీసి ముసలామె అరచేతిలో పెట్టింది.

గేటు దాటి వచ్చిన జనం మాత్రం దూరంగానే నిలబడ్డారు. ఫిర్దౌస్‌కు వాళ్లు కనబడలేదు గానీ గుసగుసలు వినబడ్డాయి. ముక్క నమిలి మింగి, చెయ్యెత్తి ఒడ్డంతా వినబడేలా కేకేసింది.

"ఏందిరా సూస్తున్నరు? రాండ్రి, తినున్రి! ఈ పిల్ల చేతుల బతికినదాన్ని నేనే!"