అద్దం తలుపు వెనక వేడి

"ఇవాళ సాయంత్రం మీ అక్క ముఖం దొర చూడబోతున్నాడు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ మేకు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అక్క చాలాకాలంగా దొర ముఠాలో వంటమనిషిగా ఉంటూ ఈ నిఘా ఆఫీసుకు కబుర్లు చేరవేస్తోంది. గూఢచారి ఈమేనంటూ ఎవరో ఆమె ముఖం బొమ్మను ముఠా విదేశీ పెద్దలకు అమ్మారు. ఆమె ఎవరో వాళ్లకు తెలియదు. సాయంత్రం మీటింగ్‌లో వాళ్లు చూపిస్తే దొరకు ఒక్క చూపు చాలు.

"అక్కని ముందే తప్పిస్తే?"

"పసిగడతారు. మీటింగ్ జరగదు. అది వర్చువల్ హాల్లో. కళ్లకు తలో హెడ్‌సెట్ తగిలించుకుని అందులో కూడతారు. కూడితేనే పెద్దల ఆచూకీ మనకు దొరికేది. ఆచూకీ దొరకాలి, దొర ఆ ముఖం చూడకూడదు. ఈ రెంటి మధ్యా హెడ్‌సెట్ నడిపే అతని కంప్యూటర్ మెషిన్ ఆగిపోవాలి. హెడ్‌సెట్‌లో దృశ్యం నత్తనడక నడుస్తోందని, వేగం పెంచే ట్యూనింగ్ మెకానిక్ కోసం వెతుకుతున్నాడు. వెళ్లు."

దొర ఇంటి తలుపు తీసింది అతని వెంట ఉండే నెమలి. ఆకుపచ్చ పట్టు, పొడుగు జూకాలు. ఆమె ఎవరి మనిషో ఆఫీసులోనూ ఎవరూ గట్టిగా చెప్పలేరు.

"ఏం బాబూ, పనొచ్చా? దండం పెట్టి పోయే రకమా?"

"మెషిన్ చూడనివ్వండి మేడమ్, దండం సంగతి తర్వాత."

మేకు మెషిన్ పెట్టె పక్కనున్న అద్దం తలుపు విప్పాడు. దృశ్యాలు గీసే గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచాడు, వోల్టేజీ పెంచాడు, ఫ్యాన్ల వేగం మాత్రం తగ్గించాడు. టెస్ట్ పెట్టాడు. ట్యూనింగ్ చేసేవాళ్లంతా అద్దం తీసే టెస్ట్ చేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. తెర మీద వేడి, దాటితే మెషిన్ ఆగిపోయే ఎర్రగీత కింద బుద్ధిగా నిలబడింది.

నెమలి వంగి చూసింది. "ఫ్యాన్ బద్ధకంగా తిరుగుతోందే?"

మేకు స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు. "చప్పుడు రాకూడదన్నారట కదండీ."

"అన్నార్లే," అంది, అతని కళ్లలోకి చూస్తూ.

దొర వచ్చి హెడ్‌సెట్ తగిలించుకుని తల అటూ ఇటూ తిప్పాడు. "అబ్బో, వెన్నలా జారుతోందిరా! ఇక ఆ అద్దం బిగించు. రంగు లైట్లు అందంగా కనపడాలి."

మేకు కోరుకున్నదీ అదే; బిగించాడు. మూసిన పెట్టెలో ఈ వేడి గీత కింద నిలవదు.

పక్క తెర మీద హాలు నిండింది. జేబులో స్క్రూడ్రైవర్ పిడి సన్నగా వణికింది, ఆఫీసు సంకేతం. ఆచూకీ దొరికింది! ఇక మెషిన్ ఆగాలి.

ఆగలేదు.

మేకు తలెత్తాడు. గోడ మీది ఏసీ నేరుగా మెషిన్ మీదికే మంచులాంటి గాలి ఊదుతోంది. వేడి ఎర్రగీతను తాకబోయి తాకడం లేదు. ఏసీ సంగతి తనకు తట్టనే లేదు. అడుగు కదిపితే కాపలావాడి చెయ్యి నడుము దగ్గరికి పోతోంది.

హాలు మధ్యలో అక్క ముఖం బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా తెరుచుకోసాగింది. జుట్టు. నుదురు. అమ్మ పోలిక కనుబొమలు.

"ఈ కనుబొమలు ఎక్కడో చూశానే..." గొణిగాడు దొర.

"అబ్బబ్బ, ఏం చలి! నువ్వంటే ఏనుగువి, నీకేం!" నెమలి రిమోట్ లాక్కుని ఏసీ కట్టేసింది.

"ఇప్పుడేనా నీ గోల?"

"గడ్డకట్టి చస్తే రేపు చేస్తాలే గోల."

వేడి ఎర్రగీత దాటింది. దొర తల తిప్పితే హాలు ఆలస్యంగా వెనకే ఈడ్చుకొచ్చింది. కళ్ల దాకా దిగిన బొమ్మ ముక్కలై ఊగింది.

"ఏయ్... తిరుగుతోంది... కడుపులో..."

తెర నల్లబడింది. దొర హెడ్‌సెట్ పీకేసి ఖరీదైన తివాచీ మీదే భళ్లున కక్కుకున్నాడు. అతను తల ఎత్తేలోగా తలుపు విరగ్గొట్టి ఆఫీసు మనుషులు లోపలికి వచ్చి పడ్డారు.

చేతులెత్తి అందరితోపాటు నడుస్తూ నెమలి మేకు పక్కన ఒక్క క్షణం ఆగింది.

"ఏసీ ఉన్న గదిలో పని చేసేటప్పుడు ఏసీ కూడా చూసుకోవాలి నాయనా."

ఆమెను ఎప్పుడు వదిలారో, అసలు పట్టుకున్నారో లేదో చీఫ్ చెప్పలేదు.

ఆ వారం అక్క ఫోన్ చేసింది. "మీ బావ కంప్యూటర్ మొరాయిస్తోందిరా. ఓసారి వచ్చి చూడు. చెయ్యి మాత్రం వెయ్యకు."