నాగేంద్ర ఎలుగుబంటి

నాగేంద్రను రెండుసార్లు చంపారు. మొదట ఆన్‌లైన్ గేమ్‌లో, కత్తితో. మర్నాడు ఆనేకల్ రోడ్డు మీద, లారీతో.

రెండోది పోలీసుల దృష్టిలో యాక్సిడెంట్. ఇంటెలిజెన్స్ ఏజెంట్ రంజిత దృష్టిలో మాత్రం హత్యే. ఏళ్ల తరబడి తనతో పనిచేసిన మనిషిని పొట్టన పెట్టుకున్నవాణ్ణి తన చేత్తోనే పట్టుకోవాలని ఆమె పంతం పట్టింది. చీఫ్ పెద్దమునియప్ప గొణుక్కుంటూనే ఆమెను టెస్టర్ వేషంలో బెంగళూరులోని ఆ గేమ్ కంపెనీకి పంపాడు.

పీణ్య పారిశ్రామికవాడలోని ఒక వర్క్‌షాప్ నుంచి రాకెట్ వాల్వ్ డ్రాయింగులు పోయాయి. విదేశీ ముఠా వాటిని గేమ్‌లోని ఒక తాయెత్తులో దాచింది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి, గేమ్ లోపల జరిగే జాతరలో అది చేతులు మారుతుంది. అక్కడ వేలమంది ఆటగాళ్లు, అందరివీ మారువేషాలే. తాయెత్తు జాడ పట్టిన నాగేంద్రను గేమ్‌లో చంపింది దాన్ని ఇచ్చేవాడే. వాణ్ణి పోల్చగలిగేది నాగేంద్ర పెంచిన ఎలుగుబంటి ఒక్కటే. ఆ గేమ్‌లో మృగాలను మచ్చిక చేసుకునే పాత్రలున్నాయి. యజమానిని చంపినవాడు పేరు మార్చినా, ముఖం మార్చినా, మచ్చికైన మృగం వాడి అకౌంట్‌ను పసిగట్టి మీద పడుతుంది.

కంపెనీలో ఏజెన్సీకి ఒక ఇన్ఫార్మర్ ఉన్నాడు, హేమంత్‌కుమార్. ఏ పాత్రకెంత బలం ఉండాలో తేల్చే బ్యాలెన్స్ లీడ్ అతనే. అతను నవ్వితే ఫ్లోర్ మొత్తం తిరిగి చూస్తుంది. ఆ శుక్రవారం మీటింగ్‌లో, మచ్చిక పాత్రలకు బలం మరీ ఎక్కువైందని, మిగతావాళ్లు గగ్గోలు పెడుతున్నారని చెప్పి, మృగాలు పగను గుర్తుంచుకునే గడువును సున్నా చేస్తూ గేమ్ కోడ్‌కు ప్యాచ్ పెట్టాడు. జాతరకు ముందే గేమ్‌లో అమలవుతుందన్నాడు. రంజితకు ఒళ్లు మండిపోయింది. ఈ అందగాడు రెండు వైపులా తింటున్నాడని అప్పటికి అర్థమైంది.

ప్యాచ్‌ను టెస్ట్ మెషీన్ మీద నడిపింది. విచిత్రం, పగ చెరగలేదు. ఆ పాత కోడ్‌లో సున్నా అంటే గడువే లేదని లెక్క, పగకు ఇక అంతమే ఉండదు. ఏ టెస్టరైనా వెంటనే ఆపాల్సిన బగ్ అది.

చెవికమ్మలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు వినిపించింది. ఫిల్టర్ కాఫీ ఆరిపోతా ఉండాదన్నాడు. టైమ్ అయిపోతోందనడానికి అది కోడ్.

"ప్యాచ్ ఆపల్ల రంజితా. ఏం చేస్తా ఉండావమ్మా?"

"ఆపితే వాడికి అనుమానం వస్తుంది సార్. పోనీండి."

రంజిత పాస్ బటన్ నొక్కింది.

ఐదయ్యింది. హాల్లో పెద్ద స్క్రీన్ మీద జాతర కిటకిటలాడుతోంది. రంజిత పక్కనే హేమంత్ కాలు మీద కాలేసుకుని, టేబుల్ కింద ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె నాగేంద్ర అకౌంట్‌తో జాతరలోకి దిగి, ఎలుగుబంటి గొలుసు విప్పింది.

అది గుంపును చీల్చుకుంటూ పరుగెత్తింది. రథం దగ్గర ఒక బిచ్చగాడు బాటసారికి తాయెత్తు ఇస్తున్నాడు. ట్రేడ్ పూర్తికావడానికి ఒక్క సెకను ఉందనగా పంజా దెబ్బ పడింది. బిచ్చగాడు కూలాడు. కిందపడ్డ తాయెత్తును రంజిత పాత్ర తీసుకుంది.

అదే క్షణంలో టేబుల్ కింద ఫోన్ వణికింది. దాని తెర మీద ఎర్రక్షరాలు: మీరు మరణించారు.

రంజిత ఆ ఫోన్ లాక్కుంది. నాగేంద్రను పట్టించినవాడు హేమంతే అనుకుంది గానీ, చంపినవాడూ వాడేనని అనుకోలేదు. లేవబోయిన హేమంత్ చేతిని వెనక్కి విరిచి బేడీలు వేసింది.

"నేను జీరో పెట్టాను కదా," అన్నాడు వాడు, ముఖం పాలిపోయి.

"అది పని చెయ్యదని టెస్ట్‌లోనే చూశా. చూసే పాస్ చేశా. నువ్వు ఇలా వణుకుతుంటే చూడాలనే మీటింగ్ అయినప్పట్నుంచీ నీ జోకులకు నవ్వుతూ కూర్చున్నా, హేమంత్."

కాసేపటికి చీఫ్ మళ్లీ లైన్‌లోకి వచ్చాడు. గేమ్ నిండా మృగాలు పాత కక్షలన్నీ తీర్చుకుంటా ఉండాయంట, కంపెనీవాళ్లు నెత్తీ నోరూ కొట్టుకుంటా ఉండారు, సరిచేయమని చెప్పేదా అని అడిగాడు.

"సోమవారం చూద్దాం సార్," అంది రంజిత. "వీకెండ్ అంతా వాటినీ తీర్చుకోనీండి."