అజ్మత్‌కు వచ్చిన పిలుపు

పొద్దున చాయ్ సగం కూడా తాగలేదు అజ్మత్. రేడియోలో బహ్రెయిన్ ఫుట్‌బాల్ జట్టు పేర్లు చదువుతున్నారు. తొమ్మిదేళ్లుగా ఆ జట్టుకు మిడ్‌ఫీల్డర్ అతను. తాత కాలంలోనే కడప నుంచి ఆ చిన్న దీవికి వెళ్లి స్థిరపడిన కుటుంబం. అతని ఆట చూసే మస్కట్‌లోని కంపెనీ ఒకటి స్టోర్స్‌లో ఉద్యోగమిచ్చి, తన జట్టులో ఆడించుకుంటోంది; ఇప్పుడు కాపురం మస్కట్‌లోనే. ముప్పై ఒకటి నిండాయి. దేశం తరఫున ఈ గల్ఫ్ పోటీలే ఆఖరివని అతనికీ తెలుసు.

"పిలిచినా అజ్మత్ క్యాంపుకు రాలేదు కనుక మరొకరిని తీసుకున్నారు" అని ముగించాడు చదివేవాడు.

అజ్మత్ భార్య వైపు తిరిగాడు. "క్యాంపుకు పిలిసిన జాబు యాడ పెట్నావ్, కుల్సుమ్?"

"ఏం జాబు? నేను సూడనే లేదు."

"కాన్పుకు ముందు పోవద్దని నెల నుంచి ఏడుస్తాండావు. నువ్వే దాసినావు."

"నిండు చూలాలిని, ఎంత మాటంటిరి!"

మైదానంలో బంతిని ఎప్పుడు వదలాలో బాగా తెలిసిన మనిషికి, ఇంట్లో మాట ఎప్పుడు ఆపాలో తెలియదు. గొంతు పెంచాడు. కుల్సుమ్ ఏడుపు లంకించుకుంది.

ఆ రభసకు వంటింట్లోంచి అత్తగారు హమీదున్నీసా వచ్చింది. కూతురి కాన్పుకని కడప నుంచి వచ్చి రెండు నెలలైంది. ఖురాన్ చదవగలదు, అర్థం తెలియదు. అరబీ అక్షరమున్న ఏ కాగితమూ కాలికింద పడకూడదని ఆమె పట్టు. సబ్బు కాగితమైనా కళ్లకద్దుకుని, మూటకట్టి, బీరువా మీద పెడుతుంది. ఆ మూట దించి విప్పింది.

"తలుపు కింద పడుంటే తొక్కుతారని తీసినా నాయనా. జాబని తెలీలా."

సబ్బు కాగితాల మధ్య కవరు విప్పకుండానే ఉంది. అజ్మత్ చింపి చూశాడు. పదో తేదీకల్లా రమ్మన్నారు. ఇవాళ పద్నాలుగు.

"నీ ఆట నేనే ముంచితి" అని హమీదున్నీసా నేల మీద కూలబడింది.

కుల్సుమ్ కళ్లు తుడుచుకుంది. "అమ్మనేం అనొద్దండి. నా కంటబడుంటే నేనే దాసేదాన్ని."

అజ్మత్‌కు కోపం రాలేదు. వచ్చి అత్తగారి పక్కనే కూర్చున్నాడు.

"ఈ కాళ్లు పనికిరావని నన్ను మరిసిపోయినారనుకుంటి అమ్మా. నెల నుంచి నిద్ర లేదు. పిలిసినారు సూడు. సదువు, నా పేరు యాడుందో."

హమీదున్నీసా వేలు పెట్టి, ఖురాన్ చదివినంత భక్తిగా కూడబలుక్కుంది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. అజ్మత్ పేరు దగ్గర మాత్రం వేలు ఆపి, కాగితాన్ని కళ్లకద్దుకుంది. కుల్సుమ్ మొగుడి భుజం మీద తల వాల్చి మళ్లీ ఏడ్చింది. ఈసారి అతనూ ఏడ్చాడు.