మసక బొమ్మ

ఆదివారం పొద్దున తిరుపతమ్మ బియ్యం కడుగుతుండగానే ముందు గదిలో కూతుళ్ల గొడవ మొదలైంది. భర్త ఎర్రయ్య బొగ్గు గనిలో మొదటి షిఫ్టుకు వెళ్లాడు. చంద్రపూర్‌లోని ఆ క్వార్టర్‌లో ఉన్నది ఒక్కటే టీవీ. దాని కింద రెండు గేమ్ కన్సోల్‌లు. ఒకటి చిన్న కూతురు ప్రణాలి తన జీతంతో కొనుక్కున్నది. ఇంకొకటి పెద్ద కూతురు కోమల, మొగుణ్ణి వదిలి నాగ్‌పూర్ నుంచి వచ్చేటప్పుడు బట్టల సంచీతో పాటు తెచ్చుకున్నది.

"అక్కా, నీది తియ్యి. నా దాంట్ల గడ్డి పరక పరక కనవడ్తది. నీ దాంట్ల అంతా పచ్చ ముద్దనే."

"ఆడేటోళ్లు గడ్డి చూస్తరా? మలుపుల బండి మంచిగ తిరిగితే సాలు." కోమల తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"ఫరక్ తెల్వనోళ్లకే అన్నీ ఒక్క తీరు. గా పాత డబ్బా ఇంట్ల ఎందుకు?"

"పాతది కాదు. నీ దాని తోటిదే. కంపెనీ వేరు."

"ఏ కంపెనీదైతేంది, మసక బొమ్మనే గదా!"

ప్రణాలి వైర్లు పీకి, అక్క కన్సోల్‌ను వాకిట్లో చెత్తబుట్ట పక్కన పడేసి వచ్చింది.

కోమల లేచి చాచి చెంప మీద కొట్టింది. ప్రణాలి తల గోడకు తగిలింది. మరుక్షణం ఆమె అక్క జడ చేతికి చుట్టుకుని లాగింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. గోళ్లు మెడల్లో దిగాయి. కోమల మోకాలితో చెల్లెలి కడుపులో పొడిచింది. ప్రణాలి చేతికందిన కంట్రోలర్ విసిరింది. అది కోమల కనుబొమను చీల్చుకుంటూ వెళ్లి టీవీకి తగిలింది. తెర భళ్లున పగిలింది.

"సచ్చిపోతరే, ఆగుండ్రి!"

తిరుపతమ్మ పరుగున వచ్చి మధ్యలో దూరింది. ఎవరి చెయ్యి తోసిందో తెలియదు. ఆమె గడప మీద పడింది. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

ఆసుపత్రిలో తల్లికి కట్టు వేస్తుంటే అక్కాచెల్లెళ్లు బయట బల్ల మీద చెరో చివర కూర్చున్నారు. కోమల కనుబొమకు కుట్లు పడ్డాయి.

"ఒక్క గేమ్ కోసం గట్ల కొడ్తవా?" అంది ప్రణాలి.

"గేమ్ కోసం కాదే. వంట మసక, రంగు మసక, నువ్వే మసక అని రోజు అనెటోడు మీ బావ. కొట్టి, సామాను బయట పడేసిండు. ఆట ఆడినంత సేపే నేను గెలుస్తుంటి. దాన్ని చెత్తల పడేస్తివి. నన్నే పడేసినట్టు అనిపించింది."

కోమల మెడ మీద ప్రణాలి గోళ్ల గాట్లు ఎర్రగా ఉన్నాయి. వాటి కింద ఎప్పటిదో మానిన మచ్చ. ఒకే గదిలో పడుకుంటూ కూడా ప్రణాలి దాన్ని చూడలేదు. జరిగి వెళ్లి అక్క చెయ్యి పట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

"ఆట మొదలైనంక నేను గూడ గడ్డి చూడనక్కా. నిన్నెట్ల ఓడగొట్టాల్నా అనే చూస్త."

ఆసుపత్రి నుంచి వచ్చే దారిలో కోమల తల్లికి కూడా అంతా చెప్పింది. సాయంత్రం ఎర్రయ్య ఇంటికొచ్చాడు. పగిలిన టీవీ, భార్య చేతి కట్టు చూసి, "ఎవలు చేసిన్రు?" అని అరిచాడు.

"నేనే బాపు," అన్నారు ఇద్దరూ.

అతను చెయ్యెత్తి కోమల మీదికి వచ్చాడు. తిరుపతమ్మ అడ్డం నిలబడింది.

"దించు చెయ్యి. అక్కడ మొగడు కొట్టిండు, ఇక్కడ చెల్లె కొట్టింది. ఇగ నువ్వొక్కనివే బాకీ!"

ఎర్రయ్య చెయ్యి మెల్లగా దిగింది. "అల్లుడు కొట్టిండా? నాకెందుకు చెప్పలేదు బిడ్డా?"

"నువ్వు అడగలే బాపు."

అతను అక్కడే నేల మీద కూలబడి, బొగ్గు మసి అంటిన చేతులు చాచాడు. కోమల ఆ ఒళ్లో తలపెట్టి, వచ్చినప్పటి నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.