నలభై రెండో పనిముట్టు

విమానం ఇంజిన్లు తనిఖీ చేసే పని మొదలుపెట్టినప్పుడు నా చేతిలో నాలుగు లక్షల అరవై వేలు. అందులో మూడు లక్షల పదివేలు విమానం ఇంజిన్‌లోకి దూర్చి చూసే కెమెరాకే పోయాయి. అందుకే కోరుకొండ దాటాక ఉన్న ఆ రేకుల షెడ్డు నెలకి మూడున్నర వేలే అనగానే తీసేసుకున్నాను.

అంత తక్కువకి ఎందుకిస్తున్నారో అందరికీ తెలుసు. అక్కడ పనిచేసిన బుల్లబ్బాయి అనే మెకానిక్, కస్టమర్ తొందరపెడితే సరిగ్గా చూడకుండానే ఇంజిన్ బాగుందని సంతకం పెట్టాడట. ఆ విమానం కూలింది. ఆర్నెల్లకి అతనూ పోయాడు. అప్పట్నుంచీ చీకటి పడితే షెడ్డులో ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు...

నేను పట్టించుకోలేదు. ‘చెప్పిన టైముకే రిపోర్టు’ అని బోర్డు రాయించాను.

తర్వాతది మా టెక్నీషియన్ ప్రేమ్ కుమార్ చెప్పింది.

ఒక రాత్రి షెడ్డులో వాడొక్కడే ఉన్నాడు. ఫ్లయింగ్ స్కూల్ నడిపే గున్నేశ్వరరావు గారి చిన్న విమానం తనిఖీకొచ్చింది. పొద్దున్న ఆరింటికి ఆయన కూతురు సాయిప్రసన్న అందులో మొదటిసారి ఒంటరిగా ఎగరాలి. నాలుగు సిలిండర్లూ కెమెరాతో చూశాడు. బాగున్నాయి.

సంతకానికి ముందు పనిముట్లు లెక్కపెట్టడం మా పద్ధతి — ఏదీ ఇంజిన్‌లో ఉండిపోకూడదు. పెట్టెలో పరిచిన స్పాంజిలో నలభై ఒక్క గుంటలు, ఒక్కో పనిముట్టుకీ ఒక్కోటి. అన్నీ సర్దాడు.

ట్రేలో ఇంకొకటి మిగిలింది.

పొడుగు పిడి ఉన్న చిన్న అద్దం. పిడికి ఎర్ర దారం చుట్టి ఉంది.

నాకు ఫోన్ చేశాడు. “అన్నా... ఒకటి ఎక్కువొచ్చింది.”

“తక్కువైతే కదరా భయం. సంతకం పెట్టేసి పడుకో.”

“పిడి వెచ్చగా ఉందన్నా. ఇప్పుడే ఎవరో పట్టుకుని వదిలినట్టు...”

“నీ చేతి వేడేరా అది.”

వాడు సంతకం పెట్టలేదు. అద్దాన్ని పొగగొట్టం వెనక్కి పోనిచ్చాడు — మా కెమెరా చూడని చోటికి. అద్దం మీద ఆవిరి పట్టింది, ఎవరో ఊదినట్టు. ఆవిరి మెల్లగా తొలగిపోయింది. అద్దంలో కనిపించింది... పొగగొట్టం మీద వెంట్రుకంత పగులు.

పొద్దున్నే గున్నేశ్వరరావు గారికి ఫోన్ చేశాను. “ఎగరనివ్వకండి,” అన్నాను. ఆయన తిట్టలేదు.

బుల్లబ్బాయి రోజుల్నుంచీ ఉన్న వాచ్‌మన్ జీవరాజు గారు అద్దం చూసి, ఎర్ర దారం మీద వేలు పెట్టారు.

“బుల్లబ్బాయిదండి. ఈ దారం వాళ్లావిడ జ్ఞానమ్మ చుట్టిందే.”

“ఇక్కడే మర్చిపోయుంటాడు.”

“లేదండి. శవపెట్టెలో పడుకోబెట్టాక... ఆవిడే ఆయన చేతిలో పెట్టింది. మూత బిగించింది నేనేనండి.”

భయం వేయాలి. ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నం ఇంకో ఇంజిన్ వస్తోంది. పనిముట్ల పెట్టె తెరిచి, కత్తి తీసుకున్నాను. స్పాంజిలో ఆ అద్దానికి నలభై రెండో గుంట కోయాలి.